ఇంగ్లండ్‌లో వేసవి సెలవులు పిల్లలకి విసుగ్గా గడుస్తాయా?

మీ అన్నయ్యగారి కుటుంబం బర్మింగ్‌హామ్ వెళ్తోందని, వాళ్ళమ్మాయికి పదిహేనేళ్ళని, చుట్టాలెవరూ లేనిచోట సెలవులు ఎలా గడుపుతుందోనని అడిగారు. మాది కోవెంట్రీ. బర్మింగ్‌హామ్‌కి రైల్లో అరగంట. 2022 వేసవికి నాకు పదహారేళ్ళు, కాబట్టి ఆ ఒక్క ఏడాది సంగతే చెప్తాను.

ముందు సెలవుల లెక్క. ఇంగ్లండ్‌లో వేసవి సెలవులు ఆరు వారాలే. జులై చివర్లో మొదలై సెప్టెంబర్ మొదట్లో అయిపోతాయి. మన దగ్గర జూన్‌లోనే బడులు తెరుస్తారు కదా. అందుకని మేం అమ్మమ్మ వాళ్ళ ఊరు వెళ్ళేసరికి మామయ్య పిల్లలు యూనిఫాం వేసుకుని బస్సెక్కుతుంటారు, మామిడిపళ్ళు అయిపోయి ఉంటాయి. పోనీ మేలో బడి మానిపించి తీసుకెళ్దామంటే జరిమానా కట్టాలి. అప్పట్లో ఒక్కో బిడ్డకి అమ్మకి 60 పౌండ్లు, నాన్నకి 60 పౌండ్లు. ఇప్పుడది 80 అయింది. ఆగస్టు విమానం టికెట్ల రేటు చూసి నాన్న ఏటా లాప్‌టాప్ మూసేసేవారు. సెలవులంటే ఇక్కడే ఏదో ఒకటి చూసుకోవాలని అలా అలవాటైంది.

ఆ ఏడాది నాకు జీసీఎస్‌ఈ పరీక్షలు, అంటే మన పదో తరగతి పరీక్షల్లాంటివి. మే మధ్యలో మొదలై జూన్ చివరిదాకా సాగాయి. సరిగ్గా మధ్యలో రాణి ఎలిజబెత్ సింహాసనమెక్కి డెబ్బై ఏళ్ళయిందని జూన్ 2 నుంచి 5 దాకా వేడుకలు. మా వీధివాళ్ళు కౌన్సిల్ అనుమతి తీసుకుని ఆదివారం రోడ్డు మూసేశారు. ఇళ్ళలోని బల్లలన్నీ తెచ్చి వరసగా వేసి, పైన జెండాల తోరణాలు కట్టారు. అమ్మ పెద్ద గిన్నెడు పులిహోర, మిర్చి బజ్జీలు చేసింది. పక్కింటాయన బజ్జీని చిన్న సమోసా అనుకుని మొత్తం నోట్లో పెట్టుకున్నాడు పాపం. ఎదురింటి ముసలామె మాత్రం పులిహోర రెండుసార్లు వడ్డించుకుని, 1953 పట్టాభిషేకం నాడు తను చిన్నపిల్లనని, మిఠాయిల మీద రేషన్ ఎత్తేసిన ఏడాదే అదని చెప్పుకుంటూ కూర్చుంది. నా ఒళ్ళో కెమిస్ట్రీ పుస్తకం ఉంది. ఒక్క పేజీ తిప్పితే ఒట్టు.

జులై 19న ఎండలు. లింకన్‌షైర్‌లోని కోనింగ్స్‌బీలో 40.3 డిగ్రీలు, దేశంలోనే అంతకుముందెన్నడూ లేనంత. మా అమ్మది రెంటచింతల. "నలభై కూడా ఒక ఎండేనా" అని పొద్దున నవ్వింది. మధ్యాహ్నానికి తడి తువ్వాలు నెత్తినేసుకుని మెట్ల కింద కూర్చుంది. ఇక్కడి ఇళ్ళు వేడిని లోపల పట్టి ఉంచేలా కడతారు, సీలింగ్ ఫ్యాను ఉండదు. షాపుల్లో టేబుల్ ఫ్యాన్లు కూడా అయిపోయాయి.

ఆ తర్వాత కుటుంబమంతా వెస్టన్-సూపర్-మేర్ వెళ్ళాం. మిడ్‌లాండ్స్, అంటే మా నడిమి ఇంగ్లండ్ వాళ్ళకి సముద్రమంటే ముందు గుర్తొచ్చే ఊళ్ళలో అదొకటి. నాన్నది కాకినాడ. కారు దిగి చూస్తే సముద్రం లేదు. నిజంగానే లేదు! కనుచూపు మేర బురద. ఆ ఊరి ముందున్న బ్రిస్టల్ ఛానెల్ అనే సముద్రపాయలో ఆటుపోట్ల తేడా 12 మీటర్లు దాటుతుందట, పోటు తగ్గితే నీళ్ళు ఎక్కడికో వెళ్ళిపోతాయి. బురదలోకి దిగితే కూరుకుపోతారని బోర్డులు కూడా పెట్టారు. "రెండున్నర గంటలు కారు తోలుకొచ్చింది ఈ బురద చూడ్డానికా" అని నాన్న. తమ్ముడు గాడిదల సవారీ చేశాడు, చిప్స్ తిన్నాం, సాయంత్రానికి నీళ్ళొచ్చాయి. మీవాళ్ళు ఎప్పుడు వెళ్ళినా పోటు వేళలు చూసుకుని బయల్దేరమనండి. నాకైతే ఆ బురదే ఎక్కువ గుర్తుంది.

జులై 31న మహిళల యూరో ఫుట్‌బాల్ ఫైనల్లో ఇంగ్లండ్ జర్మనీని 2-1తో ఓడిస్తే, బడి స్నేహితులతో కలిసి గొంతు పోయేలా అరిచాను. వారం తిరిగేసరికి, ఆగస్టు 8న, బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల బ్యాడ్మింటన్ ఫైనల్స్‌కి వెళ్ళాం. సింధు ఎడమ కాలికి కట్టుతోనే ఆడి కెనడా అమ్మాయిని 21-15, 21-13తో ఓడించింది. నాలుగు వరసల వెనక ఎవరో పెద్దావిడ "కొట్టు తల్లీ, కొట్టు" అంటుంటే హాల్లో ఇంతమంది తెలుగువాళ్ళున్నారా అనిపించింది. చిక్కంతా డబుల్స్‌లో వచ్చింది. మన అమలాపురం సాత్విక్ సాయిరాజ్, చిరాగ్ శెట్టి జోడీకి ఎదురు ఇంగ్లండ్ జోడీ. నా పక్కన ఇంగ్లండ్ జెండా ముఖానికి వేసుకున్న పిల్ల. మనవాళ్ళు గెలిచినప్పుడు నేను లేచి గంతులేస్తే, "నువ్వు కోవెంట్రీ అన్నావుగా" అంది. అవునన్నాను. ఇంకేం చెప్పను?

ఫలితాలు ఆగస్టు 25న. కవరు బడికెళ్ళి తెచ్చుకోవాలి. ఇక్కడ గ్రేడ్లు 9 నుంచి 1 దాకా, 9 అన్నిటికంటే పైది. లెక్కల్లో తొమ్మిది వచ్చిందని ఫోన్లో చెప్తే అమ్మమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "పోన్లే అమ్మా, మళ్ళీ రాసుకోవచ్చు" అంది.

పండగలు ఇక్కడ తిథిని బట్టి కాదు, శనివారాన్ని బట్టి వస్తాయి. ఆ ఏడాది వినాయక చవితి ఆగస్టు 31, బుధవారమైనా సెలవుల్లోనే పడింది కాబట్టి అసలు రోజునే చేసుకున్నాం. పత్రికి పెరట్లో పుదీనా, ఆపిల్ ఆకులు, పక్కింటివాళ్ళ బిర్యానీ ఆకు చెట్టు కొమ్మ. నిమజ్జనం బకెట్లో. కరిగిన మట్టి గులాబీ మొక్కకి పోద్దామంటే తమ్ముడు ఒప్పుకోలేదు. వినాయకుడు సముద్రంలోకే వెళ్ళాలట, వెస్టన్ తీసుకెళ్దామన్నాడు. "అక్కడ సముద్రం ఉన్నప్పుడు వెళ్దాంలే" అన్నారు నాన్న.