ఆర్గానిక్ కెమిస్ట్రీలో సి వస్తే డాక్టర్ చదువు ఆశ వదులుకోవాలా?

ప్రశ్న: డాలస్ వచ్చి మూడేళ్లయింది. అమ్మాయి ప్రీ-మెడ్ (మెడికల్ స్కూల్లో చేరడానికి ముందు చేసే డిగ్రీ చదువు), రెండో ఏడాది. ఆర్గానిక్ కెమిస్ట్రీలో సి వచ్చింది. మళ్లీ చదివితే పాత గ్రేడ్ పోతుందని కాలేజీలో చెప్పారట, నిజమేనా అక్కా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. బాబు హైస్కూల్లో ఉన్నాడు, డ్యూయల్ క్రెడిట్ (హైస్కూల్లో ఉండగానే కాలేజీ కోర్సులు చదవడం) తీసుకోమంటున్నారు.

జవాబు: అమ్మా, కాలేజీవాళ్లు చెప్పింది వాళ్ల జీపీఏ వరకే నిజం. మెడికల్ స్కూళ్లకు దరఖాస్తు ఆమ్‌కాస్ అనే ఉమ్మడి దరఖాస్తు సంస్థ ద్వారా వెళ్తుంది, టెక్సాస్ ప్రభుత్వ స్కూళ్లకు అలాంటిదే అయిన టీఎండీఎస్‌ఏఎస్ ద్వారా. ఇద్దరూ ట్రాన్‌స్క్రిప్టులో ఉన్న ప్రతి కోర్సునూ తీసుకుని జీపీఏ మళ్లీ లెక్కగడతారు. నాలుగు క్రెడిట్ల కోర్సులో మొదట సి (2 పాయింట్లు), తర్వాత ఏ (4 పాయింట్లు) వచ్చిందనుకోండి. కాలేజీ ఆ కోర్సుకు 4.0 చూపిస్తుంది, వీళ్లు రెండూ కలిపి 3.0 వేస్తారు. ఆస్టియోపతిక్ స్కూళ్ల (ఎండీ బదులు డీఓ అనే డాక్టర్ డిగ్రీ ఇచ్చేవి) దరఖాస్తులో ఒకప్పుడు కొత్త గ్రేడునే లెక్కించేవారు, 2017లో అదీ ఆపేశారు.

అందుకే ఒక్క సి కోసం అదే కోర్సు మళ్లీ చదవడం నాకు సబబుగా తోచదు. చాలా స్కూళ్లు తప్పనిసరి కోర్సుల్లో సి ఉంటే ఒప్పుకుంటాయి. సి మైనస్ అయితే మాత్రం మళ్లీ చదవక తప్పకపోవచ్చు. ఆ సమయం బయోకెమిస్ట్రీ, ఫిజియాలజీ మీద పెట్టి ఏ తెచ్చుకోమనండి. ఆమ్‌కాస్ బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, మ్యాథ్స్ గ్రేడులను విడిగా, ఏడాదివారీగా కూడా చూపిస్తుంది. రెండో ఏడాది పడి, మూడో ఏడాది లేచిన పిల్ల అక్కడ స్పష్టంగా కనబడుతుంది. కమిటీలు ఆ లేవడాన్ని నిజంగానే పట్టించుకుంటాయి.

నీట్ ర్యాంకు చూసి పెరిగినవాళ్లం కాబట్టి మనకు అంకె తప్ప ఇంకేదీ కనబడదు. ఇక్కడ సీటు వచ్చినవాళ్ల సగటు జీపీఏ 3.8కి దగ్గర్లో, ఎంక్యాట్ (మెడికల్ స్కూళ్ల ప్రవేశ పరీక్ష) స్కోరు 528కి 512 దగ్గర్లో ఉంటుంది. సగటు అంటే అంతకన్నా తక్కువతో చేరినవాళ్లూ చాలామంది ఉన్నట్టే కదా. ఆసుపత్రిలో వాలంటీర్‌గా పనిచేసిన అనుభవం, ప్రొఫెసర్ల ఉత్తరాలు, ఇంటర్వ్యూ అన్నీ లెక్కలోకి వస్తాయి.

బాబు విషయంలో మాత్రం జాగ్రత్త. వాడికీ మెడిసిన్ ఆశ ఉంటే, హైస్కూల్లో చదివిన కాలేజీ కోర్సుల గ్రేడులు కూడా ఈ జీపీఏలో కలుస్తాయి. పదహారేళ్లప్పుడు, ఫీజు మిగులుతుందని కెమిస్ట్రీ తీసుకుని తెచ్చుకున్న బి అలాగే వెంట వస్తుంది. పట్టున్న సబ్జెక్టులే తీసుకోమనండి.

మీరు రాయలేదుగానీ, పిల్లలు హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబసభ్యుల వీసా) మీద ఉంటే గ్రేడు కన్నా ముందు చూడాల్సింది ఆ వీసా సంగతి. చాలా స్కూళ్లు పౌరులనూ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లనూ మాత్రమే చేర్చుకుంటాయి. 21 నిండితే హెచ్-4 చెల్లదు, ఎఫ్-1 అనే విద్యార్థి వీసాకి మారాలి. ఫెడరల్ లోన్లూ రావు. ఏ స్కూళ్లు తీసుకుంటాయో ఈ వేసవిలోనే వాళ్ల అడ్మిషన్ ఆఫీసులకు మెయిల్ పెట్టి కనుక్కోండి.