పారామెడిక్ ఉద్యోగం మానకుండా రిజిస్టర్డ్ నర్స్ కావొచ్చా?

ప్రశ్న: మేం డల్లాస్ దగ్గర ఉంటాం. మా అబ్బాయికి 24 ఏళ్లు. అంబులెన్సులో పారామెడిక్‌గా పనిచేస్తున్నాడు. 24 గంటలు డ్యూటీ, 48 గంటలు సెలవు. బ్రిడ్జ్ ప్రోగ్రామ్‌లో చేరి, ఉద్యోగం చేసుకుంటూనే ఏడాదిలో రిజిస్టర్డ్ నర్స్ అవుతానంటున్నాడు. వాళ్ల నాన్నగారేమో చదివితే ఉద్యోగం మానేసి నాలుగేళ్ల డిగ్రీ చదవమంటున్నారు. మగపిల్లాడికి నర్సింగ్ ఏమిటన్న మాట కూడా ఇంట్లో వస్తోంది. ఎవరి మాట వినాలో తెలియడం లేదు. కాకినాడలో 108 అంబులెన్సులో పనిచేసే మా మేనల్లుడికి కూడా ఇలాంటి దారేమైనా ఉందా?
- ఒక తల్లి, టెక్సస్

సమాధానం: అమ్మా, మీ అబ్బాయి ఎంచుకున్న దారి మంచిదే. ఆ దారినే వెళ్లనివ్వండి. కాకపోతే అతని లెక్కలో రెండు పొరపాట్లున్నాయి. ఒకటి ఆ ‘ఏడాది’. రెండోది, ఇప్పుడున్న డ్యూటీ ఇలాగే ఉంచుకుని చదవొచ్చనుకోవడం. ఈ రెండూ ముందే సరిచేసుకుంటే మిగతాది అతని కష్టం మీద ఆధారపడి ఉంటుంది. పారామెడిక్ పనిలో నిలబడ్డ కుర్రాడికి కష్టపడటం కొత్తేమీ కాదు.

ముందు ఏడాది సంగతి చూద్దాం. బ్రిడ్జ్ అంటే పారామెడిక్ లైసెన్సు చూసి నర్సింగ్ డిగ్రీ ఇచ్చేయడం కాదు. రెండేళ్ల అసోసియేట్ డిగ్రీలో మొదటి సెమిస్టర్‌నో, కొన్ని కాలేజీల్లో ఇంకాస్త ఎక్కువో మినహాయించి, మధ్యలో చేర్చుకుంటారు. ఎల్‌వీఎన్‌లు (ఆర్‌ఎన్, అంటే రిజిస్టర్డ్ నర్సు కన్నా కింది స్థాయి లైసెన్సున్న నర్సులు), పారామెడిక్‌లు చాలా చోట్ల ఒకే బ్యాచ్‌లో కూర్చుంటారు. మిగిలిన భాగానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. మీ అబ్బాయి చెబుతున్నది ఈ లెక్కే. కానీ ఇది సీటు వచ్చిన రోజు నుంచి మొదలయ్యే లెక్క. అంతకుముందు అనాటమీ-ఫిజియాలజీ రెండు భాగాలు, మైక్రోబయాలజీ, ఇంగ్లిష్ కాంపోజిషన్, సైకాలజీ లాంటి సబ్జెక్టులు కాలేజీ క్రెడిట్లుగా పూర్తయి ఉండాలి. పారామెడిక్ ట్రైనింగ్‌లో శరీర నిర్మాణం చదివాం కదా అంటే సాధారణంగా ఒప్పుకోరు. సైన్స్ సబ్జెక్టులకు చాలా కాలేజీలు గడువు కూడా పెడతాయి. ఐదేళ్లో ఏడేళ్లో దాటితే మళ్లీ చదవమంటాయి. పైగా టీస్ గానీ హెసీ ఏ2 గానీ, ఆ కాలేజీ అడిగే ప్రవేశ పరీక్షలో మంచి మార్కులు రావాలి. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ. కాబట్టి ఇప్పటిదాకా ఈ సబ్జెక్టులేవీ చేయకపోతే, ఈరోజు నుంచి లైసెన్సు చేతికొచ్చేదాకా రెండున్నర, మూడేళ్లు వేసుకోండి. అప్పుడు ఎవరికీ టెన్షన్ ఉండదు. పోయినేడాదే అయిపోవాలి కదా అని అబ్బాయిని ఎవరూ నిలదీయరు.

ఈ సబ్జెక్టులు చదివే దశలో ఉద్యోగం పూర్తిగా చేసుకోవచ్చు. చాలావరకు ఆన్‌లైన్‌లో, సాయంత్రం క్లాసుల్లో దొరుకుతాయి. ఒక సెమిస్టర్‌లో రెండు సబ్జెక్టులకు మించి పెట్టుకోవద్దని చెప్పండి. ఈ మార్కుల మీదే సీటు ఆధారపడి ఉంటుంది. త్వరగా ముగించాలని నాలుగు తీసుకుని సి గ్రేడ్లు తెచ్చుకుంటే సీటుకే ఎసరు.

అసలు చిక్కు క్లినికల్స్, అంటే ఆసుపత్రి వార్డుల్లో చేసే శిక్షణ, మొదలయ్యాక వస్తుంది. మీ ఇంట్లో క్యాలెండర్ ముందు పెట్టుకుని చూడండి. 24 గంటల డ్యూటీ, 48 గంటల సెలవు అంటే మూడు రోజులకోసారి డ్యూటీ. కాలేజీ మాత్రం వారం లెక్కన నడుస్తుంది. మంగళ, గురువారాల్లో ఉదయం ఆరున్నరకు ఆసుపత్రి వార్డులో ఉండాలన్నారనుకుందాం. మూడు వారాల్లో అలాంటి రోజులు ఆరు వస్తాయి. అదే మూడు వారాల్లో మీ అబ్బాయికి ఏడు డ్యూటీలు పడతాయి, వారంలోని ఒక్కో రోజుకు ఒక్కోటి. అంటే ఒక మంగళవారం, ఒక గురువారం డ్యూటీకే పోతాయి. అంతటితో అయిపోలేదు. ఒక సోమవారం, ఒక బుధవారం కూడా డ్యూటీ ఉంటుంది. ఆ డ్యూటీ మర్నాడు ఉదయం ఏడింటికి దిగితే ఆరున్నరకు వార్డులో ఎలా ఉంటాడు? ఒకవేళ ఎవరో ముందుగా వచ్చి రిలీవ్ చేసినా, రాత్రంతా కాల్స్‌కు తిరిగిన మనిషి పేషెంటుకు మందులివ్వడం ప్రమాదం, కారు నడపడం ఇంకా ప్రమాదం. మొత్తం మీద ఆరింట్లో నాలుగు రోజులు తగువే. నెలనెలా ఇన్ని షిఫ్టులు మార్చుకునే తోటి ఉద్యోగులు ఏ స్టేషన్లోనూ ఉండరు. క్లినికల్స్‌కు గైర్హాజరైతే ఆ గంటలు మళ్లీ చేసి చూపించాలి. పరిమితి దాటితే కోర్సు నుంచి తప్పుకోమంటారు.

అందుకే ‘ఉద్యోగం చేస్తూ’ అన్న మాటకు ఈ దశలో అర్థం మారాలి. ఫుల్‌టైమ్ వదిలి పార్ట్‌టైమ్‌కో, అవసరమైనప్పుడే పిలిచే పీఆర్ఎన్ పద్ధతికో మారాలి. లేదంటే ఆసుపత్రి నుంచి ఆసుపత్రికి పేషెంట్లను తరలించే అంబులెన్సుల్లో వారాంతపు 12 గంటల షిఫ్టులు చూసుకోవచ్చు. ఇంకో దారి ఆసుపత్రి ఎమర్జెన్సీ విభాగంలో టెక్నీషియన్‌గా చేరడం. చేతికొచ్చే జీతం తగ్గొచ్చు. కానీ చాలా ఆసుపత్రులు చదువు ఖర్చుకు సాయం చేస్తాయి, రేపు నర్సు ఉద్యోగం కూడా అక్కడే దొరికే అవకాశం ఉంటుంది. నన్నడిగితే ఈ మూడోదానికే ఓటు వేస్తాను. ఇప్పుడున్న ఫుల్‌టైమ్ జీతంలో ఓవర్‌టైమ్ డబ్బు పక్కన పెట్టి ఆరు నెలల ఖర్చు పోగేసుకున్నాకే మారమనండి. వయసు 24 కాబట్టి ఒక వెసులుబాటు ఉంది. మీకు ఉద్యోగం ద్వారా కుటుంబ హెల్త్ ఇన్సూరెన్సు ఉంటే, 26 నిండేదాకా అతను అందులో ఉండొచ్చు. ఎవరి ఇన్సూరెన్సులో ఎప్పటిదాకా ఉంటాడన్నది ఫుల్‌టైమ్ వదలకముందే తేల్చుకోండి.

ఇక చదువు విషయం. పారామెడిక్‌లకు నర్సింగ్ సులువని చాలామంది అనుకుంటారు. ఐవీ పెట్టడం, ఈసీజీ చదవడం, ఊపిరందని మనిషి ముందు చేతులు వణక్కుండా నిలబడటం మీ అబ్బాయికి వచ్చు. క్లాసులో చాలామందికి అవి రావు. కానీ పరీక్షలు తూచేది ఆ నేర్పును కాదు. అంబులెన్సులో సాధారణంగా ఒక్క పేషెంటు, ఒక్క సమస్య, అరగంటో గంటో ప్రయాణం, చేతిలో మెడికల్ డైరెక్టర్ ఇచ్చిన ప్రోటోకాల్. వార్డులో ఐదుగురు పేషెంట్లు, 12 గంటలు. ఒక ప్రశ్న ఇలా ఉంటుందనుకోండి. ఉదయం ఏడింటికి డ్యూటీ ఎక్కారు. ఒకరికి నిన్న మోకాలి ఆపరేషన్ అయింది, నొప్పి పదికి ఎనిమిది అంటున్నారు. ఒకరు షుగర్ పేషెంటు, పదింటికి డిశ్చార్జి, ఇన్సులిన్ గురించి చెప్పాలి. ఒక పెద్దాయన రాత్రిదాకా బాగా మాట్లాడి, తెల్లవారేసరికి ఎక్కడున్నాడో చెప్పలేకపోతున్నాడు. ముందు ఎవరి దగ్గరికి వెళ్తారు? కళ్లముందు నొప్పితో అరుస్తున్న మనిషి దగ్గరికి వెళ్లాలనిపిస్తుంది. సరైన జవాబు ఆ పెద్దాయన. కొత్తగా వచ్చిన అయోమయం వెనక ఇన్‌ఫెక్షనో, ఆక్సిజన్ తగ్గడమో, స్ట్రోకో ఉండొచ్చు. ఈలోగా ఏ పని ఎల్‌వీఎన్‌కు అప్పగించొచ్చు, ఏది తను మాత్రమే చేయాలి అన్నది ఆ వెంటనే వచ్చే ప్రశ్న.

పారామెడిక్‌లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. చికిత్స వెంటనే చేతిలోకి వస్తుంది, పరిశీలన వెనకబడుతుంది. దాంతోపాటు అంబులెన్సులో పెద్దగా తగలని ప్రసూతి, పిల్లల ఆరోగ్యం, మానసిక వైద్యం లాంటి సబ్జెక్టులు కొత్తగా చదవాలి. పేషెంటుకు నేర్పించడం కూడా నర్సు పనిలో పెద్ద భాగం. గుండె బలహీనమైన పేషెంటుకు రోజూ పొద్దున్నే బరువు చూసుకోమని, ఒక్కరోజులో కిలోకి పైగా పెరిగితే ఫోన్ చేయమని, ఉప్పు తగ్గించమని చెప్పి పంపాలి. ఆ పేషెంటు మన తెలుగు తాతగారైతే ఊరగాయలో ఎంత ఉప్పుంటుందో తెలిసిన నర్సు చెప్పే మాట వేరుగా ఉంటుంది. ఇది చిన్న విషయం కాదు. మీ అబ్బాయికి తెలుగు వచ్చి ఉంటే అదీ ఒక బలమే.

చదువు పూర్తయ్యాక లైసెన్సు కోసం రాయాల్సిన పరీక్ష ఎన్‌క్లెక్స్-ఆర్‌ఎన్. ఫీజు 200 డాలర్లు, సమయం ఐదు గంటలు, ప్రశ్నలు తక్కువలో తక్కువ 85, ఎక్కువలో ఎక్కువ 150. 2023 ఏప్రిల్ నుంచి దీని తీరు మారింది. ఒకే పేషెంటు కథను విప్పుకుంటూ, ఏది గమనించారు, ఏది ముఖ్యం, తర్వాత ఏం చేస్తారు అని వరుసగా అడిగే కేస్ స్టడీలు చేర్చారు.  కాబట్టి పాత పుస్తకాలు ఎవరైనా ఉచితంగా ఇచ్చినా వాటినే నమ్ముకోవద్దు. ఫెయిలైతే 45 రోజులు ఆగి మళ్లీ రాయాలి.

కాలేజీ ఎంపికలో మాత్రం మీరూ, వాళ్ల నాన్నగారూ కూర్చుని స్వయంగా చూడాల్సిందే. టెక్సస్ బోర్డ్ ఆఫ్ నర్సింగ్ తను ఆమోదించిన కాలేజీల జాబితానూ, ఒక్కో కాలేజీలో మొదటిసారి ఎన్‌క్లెక్స్ రాసినవాళ్లలో ఎంతమంది పాసయ్యారో కూడా ప్రచురిస్తుంది. 80 శాతం తగ్గకూడదన్నది బోర్డు పెట్టిన గీత. జాబితాలో పేరు లేని చోటికి ఒక్క డాలరు కూడా కట్టొద్దు. ఏసీఈఎన్ లాంటి జాతీయ గుర్తింపు ఉందో లేదో కూడా చూడండి. అది లేకపోతే తర్వాత పై చదువుల్లో ఇబ్బంది పడాలి. ‘క్లినికల్స్ అక్కర్లేదు, ఇంట్లో కూర్చుని ఆర్‌ఎన్’ అనే ప్రకటనల వెనక కొన్నిసార్లు కాలేజీయే ఉండదు, పుస్తకాలు అమ్మే కంపెనీ ఉంటుంది. అంతకన్నా ఘోరం 2023 జనవరిలో బయటపడింది. దక్షిణ ఫ్లోరిడాలోని మూడు స్కూళ్ల పేరుతో 7,600కు పైగా నకిలీ నర్సింగ్ డిప్లొమాలు అమ్మారని అమెరికా ప్రభుత్వం కేసులు పెట్టింది. ఆపరేషన్ నైటింగేల్ అన్నది ఆ దర్యాప్తు పేరు. దాని తర్వాత రాష్ట్రాల నర్సింగ్ బోర్డులు కాగితాలను మరింత నిశితంగా చూస్తున్నాయి.

ఖర్చుకు వస్తే, మీ జిల్లాలోని కమ్యూనిటీ కాలేజీలో ఫీజు జిల్లా నివాసులకు తక్కువ, బయటివాళ్లకు ఎక్కువ. కాబట్టి మొదట మీ జిల్లా కాలేజీనే చూడండి. సిటిజన్‌షిప్ గానీ గ్రీన్‌కార్డు గానీ ఉంటే ప్రభుత్వ చదువు సాయానికి పెట్టే ఫాఫ్సా దరఖాస్తు తప్పకుండా నింపమనండి. యజమాని ఇచ్చే చదువు సాయంలో ఏడాదికి 5,250 డాలర్ల వరకు ఫెడరల్ ఇన్‌కమ్ ట్యాక్స్ ఉండదు. ఆ సాయం తీసుకుంటే ఎన్నేళ్లు అక్కడే పనిచేయాలన్న షరతు ఉందో సంతకం పెట్టేముందు చదవాలి.

ఇప్పుడు వాళ్ల నాన్నగారి మాట. నాలుగేళ్ల నర్సింగ్ డిగ్రీ, అంటే బీఎస్ఎన్, విలువ గురించి ఆయన అన్నది నిజం. పెద్ద ఆసుపత్రులు చాలావరకు బీఎస్ఎన్ ఉన్నవాళ్లనే కోరుకుంటాయి. కానీ దానికోసం ఉద్యోగం మానేసి మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు. అసోసియేట్ డిగ్రీతో ఆర్‌ఎన్ అయ్యాక, నర్సు జీతం తీసుకుంటూనే ఆన్‌లైన్‌లో బీఎస్ఎన్ ముగించొచ్చు. మీకు దగ్గర్లోనే, ఆర్లింగ్టన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్‌లో అలాంటి పెద్ద ప్రోగ్రామ్ ఉంది. చివరికి చేతికొచ్చేది అదే డిగ్రీ. అమెరికా కార్మిక గణాంకాల ప్రకారం 2023 మేలో పారామెడిక్ మధ్యస్థ జీతం ఏడాదికి 53,180 డాలర్లు, రిజిస్టర్డ్ నర్సుకు 86,070. ఈ తేడా ఏడాది, ఏడాదిన్నర ముందుగా చేతికొస్తే ఏమవుతుందో ఆయనే లెక్క వేసుకుంటారు.

మగపిల్లాడికి నర్సింగ్ ఏమిటన్న మాట అతని ముందు అనొద్దని నా మనవి. ఇప్పటికే వాంతులు, రక్తం, చావు దగ్గరగా చూసి, ఇంకా ఈ రంగంలోనే ఉంటానంటున్న పిల్లాడతను. ఆ మాట అతన్ని మార్చదు, బాధపెడుతుంది అంతే. ఎమర్జెన్సీ, ఐసీయూ, హెలికాప్టర్ అంబులెన్సు టీముల్లో పారామెడిక్ అనుభవం ఉన్న నర్సులంటే ప్రత్యేకమైన గౌరవం ఉంటుంది. అందుకే నర్సయ్యాక కూడా పారామెడిక్ సర్టిఫికేషన్ వదులుకోవద్దు. నేషనల్ రిజిస్ట్రీ అనే జాతీయ సంస్థ ఇచ్చే సర్టిఫికేషన్‌ను రెండేళ్లకోసారి రెన్యూ చేయాలి. చదువు హడావిడిలో చాలామంది మరిచిపోయేది ఇదే. ఐసీయూ అనుభవం, బీఎస్ఎన్ ఉంటే మత్తుమందు ఇచ్చే నర్స్ అనస్తెటిస్ట్ చదువుకు కూడా అర్హత వస్తుంది. అది ఇప్పుడు డాక్టరేట్ స్థాయి చదువు.

మీ మేనల్లుడికి చెప్పాల్సింది నిరాశ కలిగించవచ్చు, కానీ దాచకూడదు. 108లో చేసిన ఏళ్లను లెక్కలోకి తీసుకుని నర్సింగ్ మధ్యలో చేర్చుకునే దారి మన దగ్గర లేదు. రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్ చూసి అతను ఆశపడొచ్చు. అది జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా చేసి నర్సుగా రిజిస్టర్ అయినవాళ్లకు మాత్రమే. అతను మూడేళ్ల జీఎన్ఎం గానీ నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ గానీ మొదటి నుంచీ చదవాల్సిందే, రెండూ రెగ్యులర్ కోర్సులే. ఎలాగూ చదవాలి కాబట్టి ఇంట్లో వీలైతే బీఎస్సీ వైపే వెళ్లమనండి. మీ అబ్బాయి చేసే బ్రిడ్జ్‌లో చేరడానికి అమెరికా పారామెడిక్ లైసెన్సు కావాలి, 108 అనుభవ పత్రం పనికిరాదు. అమెరికా రావాలన్నదే అతని కోరికైతే బీఎస్సీ నర్సింగ్ చేసి, నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయి, విదేశీ నర్సుల చదువును పరిశీలించే ట్రూమెరిట్ (పాత పేరు సీజీఎఫ్ఎన్ఎస్) సంస్థ ద్వారా సర్టిఫికెట్లు పరిశీలన చేయించుకుని ఎన్‌క్లెక్స్ రాయొచ్చు. ఆ పరీక్షా కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది. కాలేజీలో చేరేముందు దానికి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో కౌన్సిల్ వెబ్‌సైట్‌లోనే చూసుకోమనండి. ఏజెంటు చూపించే జిరాక్సు కాగితాన్ని నమ్మొద్దు.