పులి మేకను ఎందుకు తినట్లేదు?

ప్రశ్న: మేం బీటెక్ మూడో ఏడు చదువుతున్నాం. మినీ ప్రాజెక్టు కోసం నలుగురం కలిసి పులిజూదం ఆడే ప్రోగ్రామ్‌ని పైథాన్‌లో రాశాం. మినీమాక్స్‌తో (అవతలివాళ్లు కూడా తమకు మేలైన ఎత్తే వేస్తారనుకుని లెక్కవేసే పద్ధతి) నాలుగు ఎత్తులు ముందుకు చూస్తుంది. కానీ పక్కనే మేక దొరికినా పులి తినకుండా అటూ ఇటూ తిరుగుతోంది. మా గైడ్ గారేమో డీప్ లెర్నింగ్ (బోలెడు ఉదాహరణల నుంచి యంత్రమే నేర్చుకునే పద్ధతి) పెట్టమంటున్నారు. మా దగ్గర ఉన్నవి మామూలు ల్యాప్‌టాప్‌లు, గడువు ఆరు వారాలే. టెన్షన్‌గా ఉంది.
- విద్యార్థులు, గుంటూరు

జవాబు: ముందు పులి సంగతి చూద్దాం. మీరు చివరి ఎత్తు దగ్గర ఎన్ని మేకలు పోయాయో లెక్కపెట్టి మార్కు వేస్తున్నట్టున్నారు. అలాగైతే మేక తప్పించుకోలేని చోట ఇప్పుడు తిన్నా, ఇంకో రెండెత్తుల తర్వాత తిన్నా పులికి ఒకే మార్కు. రెండూ సమానమే కాబట్టి జాబితాలో ముందున్న ఎత్తు వేసేస్తుంది, తర్వాతి వంతులో మళ్లీ అదే లెక్క, మళ్లీ వాయిదా. మేకను తింటే 100 ఇచ్చి, అందులోంచి అది ఎన్నో ఎత్తో ఆ అంకె తీసేయండి: మొదటి ఎత్తులో తింటే 99, మూడో ఎత్తులో తింటే 97. ఈ ఒక్క లైనుతో పులి దారికొస్తుంది. గెలుపుకిచ్చే మార్కుకీ ఇదే చేయండి.

ఆ తర్వాత ఆల్ఫా-బీటా (ఫలితాన్ని మార్చలేని ఎత్తుల్ని చూడకుండా వదిలేసే పద్ధతి) పెట్టండి, మేకను తినే ఎత్తుల్ని ముందు చూడమనండి. మంచి ఎత్తులు ముందొస్తే అంతే సమయంలో దాదాపు రెట్టింపు లోతు చూడొచ్చు. పోయిన మేకలు మాత్రమే లెక్కిస్తే చాలదు, పులులకు ఎన్ని దారులు మిగిలాయో కూడా మార్కులో కలపాలి, ఎందుకంటే మేకలు గెలిచేది పులుల్ని కట్టేసి కదా. ఒకే స్థితి మూడుసార్లు వస్తే డ్రా అని రాసుకోండి, లేకపోతే ఆట తెల్లారేదాకా సాగుతుంది.

డీప్ లెర్నింగ్ విషయం. 2016లో గో ఆటలో మేటి అయిన లీ సెడోల్‌ను 4-1తో ఓడించిన డీప్ లెర్నింగ్ ప్రోగ్రామ్ ఆల్ఫాగో ఆడింది 361 చోట్లున్న గో పలక మీద, పైగా దాని వెనక పెద్ద పెద్ద యంత్రాలు పనిచేశాయి. మీ పలకలో ఉన్నవి 23 చోట్లు, మూడు పులులు, పదిహేను మేకలు. ఆర్థర్ శామ్యూల్ 1950లలోనే ఐబీఎం 701 కంప్యూటర్ మీద చెకర్స్ ఆడే ప్రోగ్రామ్ రాసి, తనతో తనే ఆడుకుంటూ నేర్చుకునేలా చేశారు. నేర్చుకోవడం అనేది ప్రాజెక్టులో ఉండాలని గైడ్ గారు కోరుకుంటే ఆ దారిలోనే వెళ్లండి: మార్కులో ఏ అంశానికి ఎంత బరువివ్వాలో ప్రోగ్రామే ఆడి సరిచేసుకుంటుంది, మీ ల్యాప్‌టాప్ చాలు. ఈ మాట ఆయనతో మర్యాదగా చెప్పి చూడండి, కాదనరనే నా నమ్మకం.

ఇంకొకటి, నియమాలు ఊరికో రకంగా ఉంటాయి. మీ ఇంట్లో ఆట తెలిసిన పెద్దవాళ్లను అడిగి ముందే రాసి పెట్టుకోండి, వాళ్లతోనే ఆడించండి కూడా. ఊరికే ఏదో ఒక ఎత్తు వేసే ప్రోగ్రామ్‌తో పులిగా వంద, మేకగా వంద ఆటలు ఆడించి ఆ ఫలితాలు రిపోర్టులో పెట్టండి. వైవాలో మొదట అడిగేది అదే.