పాకిస్థానీలతో కలిసి ఉన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? వాళ్ళ తిండి, పండగలు, పెళ్ళిళ్ళు ఎలా ఉంటాయి?

నేనున్నాను. షార్జాలో ఏసీ టెక్నీషియన్‌గా చేసిన నాలుగేళ్ళూ ఒకే రూమ్‌లో ఉన్నాం. ఆరు మంచాలు. జగిత్యాల వైపు వాళ్ళం ముగ్గురం, పాకిస్థాన్ వాళ్ళు ముగ్గురు. స్వాత్ నుంచి వచ్చిన పఠాన్ ఒకాయన, వయసులో పెద్ద కాబట్టి అందరం ఖాన్ సాబ్ అనేవాళ్ళం. సియాల్‌కోట్ పంజాబీ ఒకతను. కరాచీ కుర్రాడు ఒకడు. నేను ఆ దేశంలో అడుగు పెట్టలేదు, నాకు తెలిసిన పాకిస్థాన్ ఆ మూడు మంచాలే.

ఆ మూడు మంచాలకీ టీ దగ్గరే పొత్తు కుదిరేది కాదు. పంజాబీకి దూద్ పత్తీ కావాలి, అంటే చుక్క నీళ్ళు లేకుండా పాలలోనే టీపొడి వేసి మరిగించడం. ఖాన్ సాబ్‌కి భోజనం అయ్యాక యాలకులు వేసిన పచ్చ కహ్వా, అంటే పాలు లేని గ్రీన్ టీ, పడాలి, పాలు పోస్తే అది పిల్లల తాగుడు అంటాడు. కరాచీ కుర్రాడు ఈ రెండింటినీ వెక్కిరించి, వాళ్ళ ఊళ్ళో 'క్వెట్టా హోటళ్ళ' పరాటా-చాయ్ కథలు చెప్పేవాడు. రాత్రి రెండింటికి కూడా అక్కడ కుర్చీలు ఖాళీ ఉండవట. మన ఇరానీ హోటల్ లాగానే అనిపించింది. కాబట్టి 'పాకిస్థానీల అలవాట్లు' అని ఎవరైనా అడిగితే, ఏ పాకిస్థానీవి అని ముందు నేనే అడుగుతాను.

భాష కూడా అంతే. ఉర్దూ వాళ్ళ జాతీయ భాషే, కానీ 2023 జనాభా లెక్కల ప్రకారం అది పదిమందిలో ఒకరికి కూడా మాతృభాష కాదు. ఖాన్ సాబ్ ఇంటికి ఫోన్ చేస్తే పష్తో, పంజాబీ చేస్తే పంజాబీ. ఇద్దరూ బడిలో నేర్చుకున్న ఉర్దూలో కొట్లాడుకునేవాళ్ళు. మధ్యలో నా తెలంగాణ ఉర్దూ ఒకటి. మొదటి వారం ఎవరో కూర వేయబోతే 'నక్కో' అన్నాను, అంటే వద్దని. పంజాబీకి అర్థం కాలేదు, కరాచీ కుర్రాడు మాత్రం పొట్ట పట్టుకుని నవ్వాడు. 'మా నానీ ఇలాగే మాట్లాడుతుంది' అన్నాడు. వాళ్ళ అమ్మమ్మది హైదరాబాద్. సింధ్‌లో గాజుల తయారీకి పేరున్న హైదరాబాద్ కాదు, మన హైదరాబాద్. చిన్నప్పుడే ఇంట్లోవాళ్ళతో కరాచీ వెళ్ళిపోయింది. దక్కన్ నుంచి వెళ్ళినవాళ్ళ కోసం అక్కడ హైదరాబాద్ కాలనీ అనే పేట ఉంది, ఖట్టీ దాల్, బగారా బైంగన్, పచ్చళ్ళు అమ్ముతారు. బహదూరాబాద్‌లో చిన్న చార్మినార్ కూడా కట్టుకున్నారు. ఫోటో చూపిస్తే మా రూమ్‌లో అందరం ఫోన్ మీద పడ్డాం.

తిండి విషయంలో మమ్మల్ని చూసి జాలిపడేవాళ్ళు. సియాల్‌కోట్, గుజ్రాన్‌వాలా పొలాలు బాస్మతికి పేరు పడ్డవే, అయినా ఆ మనిషి రోజూ అన్నం తినడు. మేం మూడు పూటలా అన్నం తింటుంటే 'దీంతో కడుపు ఎలా నిండుతుంది?' అనేవాడు. ఖాన్ సాబ్ అయితే మా పప్పన్నం మొహమాటానికి తిని, చెయ్యి కడుక్కోకుండానే 'రొట్టె ఎప్పుడొస్తుంది?' అని అడిగేవాడు. కింద ప్లాస్టిక్ దస్తర్‌ఖాన్ పరిచి, మధ్యలో ఒకే పెద్ద పళ్ళెం పెట్టి, నాన్ తుంచుకుని అందరూ అందులోంచే తింటారు. నాకు అలవాటు కావడానికి రెండు నెలలు పట్టింది. బీఫ్ నిహారీ వండే రోజు ముందే చెప్పి వేరే గిన్నె వాడేవాళ్ళు. శనివారం నాకు నీచు లేదని తెలుసు కాబట్టి కరాచీ కుర్రాడు ఖట్టీ దాల్ చేసేవాడు. చింతపండు పులుపు, వెల్లుల్లి పోపు, అచ్చం మన చారుకి అక్కలాగా.

పెళ్ళిళ్ళ గురించి అడిగారు కదా, మా రూమ్‌లో పెద్ద రచ్చ దాని మీదే జరిగింది. ఒక రాత్రి ఖాన్ సాబ్ మాటల్లో తన భార్య చాచా కూతురు అన్నాడు. నాకు ముద్ద గొంతులో ఆగింది. మనకు చిన్నాన్న కూతురంటే చెల్లెలు, రాఖీ కట్టించుకుంటాం! వాళ్ళ దగ్గర అది చాలా మామూలు. ఆస్తి ఇంట్లోనే ఉంటుంది, పిల్ల కళ్ళముందే ఉంటుంది అంటారు. నేను ఊరుకోవచ్చు కదా? 'మా దగ్గర మేనమామ మేనకోడల్ని చేసుకుంటాడు, మా తాతా అమ్మమ్మలది అలాంటి పెళ్ళే' అన్నాను. ఆయన రెండు చెవులూ పట్టుకుని 'తౌబా, తౌబా' అని మంచం మీంచి లేచిపోయాడు. ఇస్లాంలో మేనకోడలితో నిఖా నిషిద్ధం. అరగంట ఒకరినొకరు అసహ్యంగా చూసుకున్నాం. చివరికి మేనత్త కొడుక్కి, మేనమామ కూతురికి చేయవచ్చు అన్న దగ్గర ఇద్దరం రాజీపడ్డాం.

పంజాబీ చెల్లెలి పెళ్ళి మేం వీడియో కాల్‌లోనే చూశాం. మెహెందీ, బారాత్, మర్నాడు పెళ్ళికొడుకు వాళ్ళు పెట్టే వలీమా విందు. పెళ్ళికొడుకు మెడలో కరెన్సీ నోట్ల దండ. నన్ను ఆకట్టుకుంది మాత్రం ఒక మూలన పుస్తకం పట్టుకుని కూర్చున్న పెద్దాయన. ఎవరు ఎంత ఇచ్చారో రాసుకుంటున్నాడు. న్యోంద్రా అంటారట, రేపు వాళ్ళింట్లో పెళ్ళయితే దానికి తగ్గట్టు తిరిగి పెట్టాలి. మన చదివింపులే! పెళ్ళికూతురికి మెహర్ సొమ్ము పెళ్ళికొడుకు ఇవ్వాలనేది మతం. అయినా ఫ్రిజ్, మంచం, బీరువాల జహేజ్ (కట్నం సామాన్లు) కోసం ఈ అన్న ఏడాదిన్నర ఓవర్‌టైమ్ చేశాడు. ఆ టెన్షన్ మనకు కొత్తదేమీ కాదు.

రంజాన్‌లో మాకూ పండగే. ఖర్జూరం, పకోడీ, చాట్ మసాలా చల్లిన పండ్ల ముక్కలు, పాలలో రూహ్ అఫ్జా షర్బత్. ఆ సీసా మీద పోట్లాట: మాది అంటే మాది. ఢిల్లీలో పుట్టిన కంపెనీయే, ఆ ఇంటి కొడుకుల్లో ఒకరు 1948లో కరాచీ వెళ్ళి అక్కడా పెట్టారు, కాబట్టి ఇద్దరూ గెలిచారు. ఈద్ ముందు రాత్రి ఇంకో తగువు. పెషావర్‌లోని ఖాసిం అలీ ఖాన్ మసీదు వాళ్ళు కొన్ని సంవత్సరాల్లో ప్రభుత్వ కమిటీ కంటే ముందే నెలవంక కనిపించిందని ప్రకటిస్తారు. అప్పుడు ఖాన్ సాబ్ ఇంట్లో సేవయ్యా వండుతుంటే, పంజాబీ ఇంట్లో ఇంకా ఉపవాసం.

కరాచీ కుర్రాడు సెలవుకి వెళ్తూ మా అమ్మ పంపిన గోంగూర పచ్చడి ఒక సీసా అడిగి తీసుకెళ్ళాడు. నానీ దాన్ని అంబాడా అంటుందట. నెల తర్వాత అదే సీసా తిరిగొచ్చింది, నిండా నిమ్మకాయ పచ్చడితో. నానీ చెప్పి పంపిన మాట కూడా తెచ్చాడు: 'మీ అమ్మకి చెప్పు, వెల్లుల్లి తక్కువైంది.'

అమ్మకి ఇప్పటివరకూ చెప్పలేదు.