'టీసీ తీసుకెళ్లండి' అంటున్న స్కూలు

ప్రశ్న: మాది కరీంనగర్. బాబుకు తొమ్మిదేళ్లు, ప్రైవేటు స్కూల్లో నాలుగో తరగతి. చదవడం, రాయడంలో బాగా వెనకబడ్డాడు. క్లాసులో కుదురుగా కూర్చోడు, కోపమొస్తే పక్క పిల్లల్ని నెట్టేస్తాడు. సైకాలజిస్టు చూసి డిస్‌లెక్సియా (చదవడం, రాయడంలో ఇబ్బంది), ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత, కుదురు లేకపోవడం) అని రిపోర్టు ఇచ్చారు. అది చూపిస్తే స్కూలు వాళ్లు 'మా వల్ల కాదు, టీసీ తీసుకెళ్లండి, లేదా మీ ఖర్చుతో షాడో టీచర్ని (బాబు పక్కనే ఉండి చూసుకునే మనిషిని) పెట్టుకోండి' అంటున్నారు. ఇది చట్టప్రకారం సరైనదేనా?

జవాబు: కాదమ్మా. అన్నిటికంటే ముందు, టీసీ కావాలని మీ చేత్తో దరఖాస్తు రాసివ్వకండి. విద్యాహక్కు చట్టం (2009) సెక్షన్ 16 ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లాణ్నీ స్కూలు నుంచి తీసేయడానికి వీల్లేదు. 2019 సవరణతో ఐదు, ఎనిమిది తరగతుల్లో ఫెయిలైతే అదే తరగతిలో ఆపే వీలు వచ్చింది గానీ, తీసేయకూడదన్న మాట అలాగే ఉంది. యాజమాన్యాలకు ఈ సంగతి తెలుసు. అందుకే తీసేస్తున్నామని కాగితం ఇవ్వరు, 'సొంత కారణాల వల్ల' అని మీతోనే రాయించుకుంటారు. దాని మీద మీ సంతకం పడితే, రేపు ఏ అధికారి ముందైనా మీరే వెళ్లిపోయినట్టు లెక్క. మధ్యాహ్నానికే ఇంటికి తీసుకెళ్లమన్నా అంతే, రాతపూర్వకంగా ఇవ్వమనండి. చాలా చోట్ల అక్కడితోనే ఆ మాట ఆగిపోతుంది. మీ స్కూలు మైనారిటీ సంస్థదైతే మాత్రం 2014 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం ఈ చట్టం వర్తించదు. అప్పుడు దివ్యాంగుల హక్కుల చట్టం (2016) మీదే ఆధారపడాలి.

ఈ రెండో చట్టంలో డిస్‌లెక్సియా లాంటి నిర్దిష్ట అభ్యసన వైకల్యాలు పేరుతో సహా ఉన్నాయి. ఏడీహెచ్‌డీ పేరు జాబితాలో లేదు. కాబట్టి మీ అర్జీల్లో డిస్‌లెక్సియాను ముందు పెట్టండి, ప్రవర్తన సంగతి దాని తర్వాత రాయండి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్కూళ్లు వివక్ష లేకుండా చేర్చుకోవాలని, అవసరానికి తగ్గ సర్దుబాట్లు చేయాలని, అభ్యసన ఇబ్బందిని త్వరగా గుర్తించి బోధన మార్చుకోవాలని ఈ చట్టంలోని సెక్షన్ 16 చెబుతోంది.

'ముందు 40 శాతం వైకల్యం ఉందని సర్టిఫికెట్ తెండి, అప్పుడు చూద్దాం' అంటారు, చూడండి. ఆ హద్దు రిజర్వేషన్లకు, 18 ఏళ్ల దాకా ఉచిత విద్యకు, అలాంటి వాటికి. సర్దుబాట్లు పొందడానికి 40 శాతం ఉండి తీరాలన్న షరతు లేదని వికాస్ కుమార్ కేసులో (2021) సుప్రీంకోర్టు తేల్చింది. అది సివిల్స్ పరీక్షలో స్క్రైబ్ (అభ్యర్థి చెబితే జవాబు రాసిపెట్టే మనిషి) గురించిన కేసే అయినా, సూత్రం మీ బాబుకూ పనికొస్తుంది.

ఇక ప్రిన్సిపల్‌కు ఉత్తరం. ఒకే పేజీలో, సైకాలజిస్టు రిపోర్టు జిరాక్సు జతచేసి రాయండి. 'సహకరించగలరు' అని రాస్తే జవాబు కూడా 'సహకరిస్తున్నాం' అనే వస్తుంది. ఫలానాది కావాలని అడగండి: ముందు వరసలో సీటు, బోర్డు మీది పాఠం చూసి రాసుకునే బదులు ప్రింటు, పరీక్షలో గంటకు 20 నిమిషాలు అదనం, సైన్సు, సోషల్‌లో స్పెల్లింగుకు మార్కులు కోయకపోవడం, కొన్ని ప్రశ్నలకు నోటితో జవాబు. ఇంగ్లిష్, తెలుగు, హిందీ మూడు లిపులూ ఒక్కసారే మోస్తున్న పిల్లాడైతే మూడో భాషలో సడలింపు కూడా అడగండి. దివ్యాంగుల హక్కుల చట్టం సెక్షన్ 17లో ఆ ఆలోచన ఉంది, కానీ బోర్డు అనుమతి కావాలి కాబట్టి పై తరగతులకు వెళ్లేలోపే కదిలించండి. ఉత్తరం చేతికిచ్చి రెండో కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి.

షాడో టీచర్ ఖర్చు తల్లిదండ్రులదేనని చట్టంలో ఎక్కడా లేదు. స్కూలు మీద తగని భారం పడకూడదన్న మాట కూడా అదే చట్టంలో ఉంది. అందుకని రోజంతా ఒక మనిషిని పెట్టమని పట్టుబట్టే కంటే, స్పెషల్ ఎడ్యుకేటర్ (ఇలాంటి పిల్లలకు బోధించే శిక్షణ ఉన్న టీచర్) ఉన్నారా అని అడగడం మేలు. ప్రైమరీలో ఇలాంటి పిల్లలు పది మందికి ఒకరు ఉండాలని సుప్రీంకోర్టు 2021లోనే చెప్పింది.

నెట్టడం సంగతి తేలిగ్గా తీసుకోకండి, మిగతా పిల్లల భద్రత కూడా స్కూలు బాధ్యతే. ఫిర్యాదు వచ్చిన ప్రతిసారీ ఏ పీరియడ్, అంతకు ముందు ఏం జరిగింది, టీచర్ ఏం చేశారు అన్న మూడూ డైరీలో రాయమనండి. నెల తిరిగేసరికి గొడవలన్నీ డిక్టేషన్ పీరియడ్లోనో, గట్టిగా చదివించే చోటో జరుగుతున్నాయని తేలితే, మార్చాల్సింది ఆ పీరియడ్. మీ వాదనకు అంతకు మించిన సాక్ష్యం ఉండదు. కొట్టడం, అందరిలో అవమానించడం జరిగితే విద్యాహక్కు చట్టం సెక్షన్ 17 కింద అది వేరే తప్పు.

వైకల్య సర్టిఫికెట్ కోసం యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు కార్డు) పోర్టల్లో గానీ మీసేవలో గానీ ఇప్పుడే దరఖాస్తు పెట్టండి. ఎనిమిదేళ్లు దాటాయి కాబట్టి అర్హత ఉంది. ముందు పిల్లల డాక్టరు చూపు, వినికిడి పరీక్షిస్తారు, తర్వాత ఐక్యూ, ఆపైన చదువుకు సంబంధించిన పరీక్షలు. ప్రైవేటు రిపోర్టు ఉన్నా వీటిని తప్పించుకోలేరు. క్లినికల్ సైకాలజిస్టు లేని రోజు ఆసుపత్రికి వెళ్తే పని కాదు, ముందే కనుక్కోండి.

ఉత్తరానికి రెండు మూడు వారాల్లో జవాబు రాకపోతే డీఈఓకు (జిల్లా విద్యాధికారికి) ఫిర్యాదు చేయండి. అదే కాపీ రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు కూడా పంపండి. కమిషనర్‌కు సాక్షులను పిలిపించే, రికార్డులు తెప్పించే అధికారం ఉంది. అయితే ఆయన ఇచ్చేది సిఫార్సే, దాన్ని స్కూలు లెక్కచేయకపోతే హైకోర్టులో రిట్ వేయాలి. వినియోగదారుల ఫోరం దారి పట్టకండి, చదువు 'సేవ' కిందికి రాదన్న వాదనతోనే ఏళ్లు గడిచిపోతాయి. మహిళలకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి, లేదా జిల్లా న్యాయసేవాధికార సంస్థకు స్టాంపు పడిన ఉత్తరం కాపీ, రిపోర్టు, డైరీ పట్టుకెళ్లండి.