1950ల నాటి వాల్వ్ కవర్లకు 2,400 డాలర్లు పెట్టొచ్చా?

ప్రశ్న: నమస్కారం అండీ. మేం లాస్ ఏంజెలెస్ శివారులో ఉంటాం. నాకు 42 ఏళ్లు. నేనూ మా ఆవిడా ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం, ఇద్దరు పిల్లలు. నెలకు 300 డాలర్లు పక్కన పెట్టుకుంటూ ఒక 1932 ఫోర్డ్ రోడ్‌స్టర్‌ను (గట్టి పైకప్పు లేని పాత కారు) హాట్ రాడ్‌గా, అంటే బలమైన ఇంజన్ పెట్టి మార్చిన కారుగా తయారు చేసుకుంటున్నాను. అందులో పెట్టింది 1970 నాటి షెవర్లే 350 ఇంజన్. మొన్న పొమోనా స్వాప్ మీట్‌లో (పాత కార్ల సామాన్ల సంతలో) ఒక పెద్దాయన దగ్గర 1950ల నాటి ఫిన్‌లున్న (పైన వరుసగా పలచని గట్లున్న) అల్యూమినియం వాల్వ్ కవర్ల జత, అంటే ఇంజన్ పైన వాల్వుల భాగాన్ని కప్పే మూతలు చూశాను. 2,400 డాలర్లు చెప్పారు. ఇలాంటివి మళ్లీ దొరకవని, నాలుగేళ్లలో ధర రెట్టింపవుతుందని అంటున్నారు. క్రెడిట్ కార్డు మీద కొందామనుకుంటున్నాను. ఆ కార్డులో ఇప్పటికే 6,000 బాకీ ఉంది, వడ్డీ 22 శాతం, నెలకు 400 కడుతున్నాను. "రెండు మూతలకు అంత డబ్బా?" అంటోంది మా ఆవిడ. దీన్ని పెట్టుబడి అనుకోవచ్చా? కొనేటట్టయితే ఏం చూసుకోవాలి?

జవాబు: ఆ జతను ఇప్పుడు కొనకండి. కార్డు మీద అసలే వద్దు. అయితే మీ సరదాను మానుకోమని నేను చెప్పబోవడం లేదు. నెలకు ఇంతని గీత గీసుకుని, ఆ గీత లోపలే ఇన్నాళ్లూ కారు పని నడిపించుకుంటూ వచ్చారు. ఆ అలవాటు చాలా మంచిది. దాన్ని ఈ ఒక్క కొనుగోలు కోసం చెడగొట్టుకోవద్దని నా బాధ.

ముందు లెక్క చూద్దాం. ఇప్పుడున్న 6,000 బాకీని నెలకు 400 చొప్పున కడితే దాదాపు 18 నెలల్లో తీరుతుంది. వడ్డీ కింద సుమారు 1,080 డాలర్లు పోతాయి. ఈ 2,400 కూడా దాని మీద వేస్తే బాకీ 8,400 అవుతుంది. అదే 400 కడుతూ పోతే తీరడానికి 27 నెలలు పడుతుంది, వడ్డీ 2,300 దాటుతుంది. అంటే ఈ కవర్ల వల్ల అదనంగా కట్టే వడ్డీయే 1,200 పైన. పెద్దాయన చెప్పిన ధర 2,400 అయినా మీకు పడే ధర 3,600.

రేపు అమ్మాల్సి వస్తే? ఆన్‌లైన్ వేలంలో పెడితే ఫీజు 13 శాతం దాకా పోతుందనుకుందాం. 3,600 చేతికి రావాలంటే 4,100 పైన అమ్ముడుపోవాలి, పార్సెల్ ఖర్చు వేరు. అప్పటికి మీకు మిగిలేది సున్నా. ఒకవేళ లాభం వస్తే దాని మీద పన్ను ఉంటుంది. పురాతన వస్తువుల కోవలోకి వస్తే దీర్ఘకాలిక లాభం మీద ఫెడరల్ పన్ను 28 శాతం వరకు వెళ్లొచ్చు. ఏ కోవలోకి వస్తుందో అమ్మేముందు మీ సీపీఏను (పన్ను లెక్కలు చూసే అకౌంటెంట్‌ను) అడగండి. నష్టం వస్తే మాత్రం సొంత వాడకానికి కొన్న వస్తువు కాబట్టి ఆ నష్టాన్ని పన్నులో చూపించుకోవడానికి వీల్లేదు. లాభం వస్తే ప్రభుత్వానికి వాటా, నష్టం వస్తే మొత్తం మీదే. ఇలాంటిదాన్ని నేను పెట్టుబడి పద్దులో రాయను.

రెట్టింపవుతుందన్న మాట గురించి కాస్త ఆగి ఆలోచించాలి. ఒక పాత విడిభాగానికి ధర నిలబడేది అది ఏదో ఒక కారుకు 'ఇదే ఉండాలి' అన్నప్పుడు. 1950ల చివరి కార్వెట్‌ను (షెవర్లే స్పోర్ట్స్ కారును) ఫ్యాక్టరీలో ఎలా ఉండేదో అలా తిరిగి నిలబెట్టేవాళ్లకు ఆ కాలపు అసలు ఫిన్ కవర్లే కావాలి. కార్ల పోటీల్లో జడ్జీలు బోల్టుతో సహా చూస్తారు. ఆ గిరాకీ గట్టిది. మీ కారు సంగతి అలా కాదు. 1932లో ఫోర్డ్ తెచ్చినది వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఫ్లాట్‌హెడ్ ఇంజన్, దాని వాల్వులు బ్లాకులోనే (ఇంజన్ దిమ్మెలోనే) ఉంటాయి. పైన వాల్వ్ కవర్లనేవే లేవు. ఆ కాలపు కుర్రాళ్లు ఫిన్‌లున్న అల్యూమినియం హెడ్లు (బ్లాకు పైన కూర్చునే భాగాలు) బిగించుకుని మురిసిపోయేవాళ్లు. షెవర్లే స్మాల్ బ్లాక్ వీ8 (మీ 350 కూడా ఆ కుటుంబమే) వచ్చింది 1955 మోడల్ కార్లలో. తేలికగా, చవకగా ఉండటంతో హాట్ రాడ్‌లలోకి అదే చేరింది. మీ కారుకు 'సరైన' కవర్ అంటూ ఒకటి లేదు, మీకు నచ్చినదే సరైనది. అందులో స్వేచ్ఛ ఉంది, ఆనందం ఉంది. కాకపోతే 2,400 పెట్టి కవర్లు కొన్నందుకు కారు విలువ 2,400 పెరగదు.

ఇక మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కంగారు పెట్టిన విషయం వేరే ఉంది. ఆ కవర్లు మీ ఇంజన్‌కు పట్టవని నా గట్టి అనుమానం.

1955 నుంచి 1959 వరకు వచ్చిన స్మాల్ బ్లాక్ హెడ్ల మీద కవర్ బోల్టు రంధ్రాలు వంకరగా ఉంటాయి. పై వరుసలోని రెండు బోల్టులు, కింది వరుసలోని రెండు బోల్టులు ఒకదానికొకటి ఎదురెదురుగా రావు. 1960 మోడళ్ల నుంచి ఎదురెదురుగా, తిన్నగా మారాయి. 1987లో మళ్లీ మార్చి బోల్టులను కవర్ నడిమధ్యకు తెచ్చారు. మీ 1970 ఇంజన్‌కు దాని హెడ్లే ఉంటే అవి తిన్నటి రకం. పెద్దాయన దగ్గరున్నవి నిజంగా 1950ల నాటివైతే వంకర రకం కావాలి. తిన్నగా ఉంటే, అవి 1950ల నాటివన్న మాటనే నమ్మకూడదు. ఎటు చూసినా మీకు చిక్కే. ఒక బడిపిల్లల స్కేలు తీసుకెళ్లి, కింది బోల్టు రంధ్రం దగ్గర అంచుకు నిటారుగా ఆనించి పట్టుకోండి. పై రంధ్రం స్కేలు గీత మీదికి వచ్చిందా లేదా అన్నది క్షణంలో తెలిసిపోతుంది.

పట్టకపోతే అడాప్టర్లు దొరుకుతాయి, నిజమే. వాటితో ఎత్తు పెరుగుతుంది, హెడ్‌కూ కవర్‌కూ మధ్య ఇంకో పలక కనబడుతుంది, నూనె కారడానికి ఇంకో అతుకు తయారవుతుంది. కొందరు కవర్‌కే కొత్త రంధ్రాలు వేస్తారు. దయచేసి ఆ పని చేయకండి, ఎవరినీ చేయనివ్వకండి. అరవై ఏళ్లకు పైగా చెక్కుచెదరకుండా వచ్చిన వస్తువది. డ్రిల్లు పడిన నిమిషంలో అది మామూలు పాత సామాను అయిపోతుంది, మీరు కట్టిన ధరలో పెద్ద భాగం రంపపు పొడిలా నేల మీద పడుతుంది.

గాలి, నూనె సంగతి కూడా చాలామంది కొన్నాకే గమనిస్తారు. 1950లలో నూనె పోసే గొట్టం ఇంజన్ ముందుభాగంలో, ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకు గాలి, ఇంధనం పంచే భాగం) మీద ఉండేది. క్రాంక్‌కేస్‌లోని (ఇంజన్ కింది గదిలోని) ఆవిరి బ్లాకు వెనక నుంచి ఒక గొట్టం ద్వారా కిందికి పోయేది. అందుకే ఆ కాలపు కవర్లు ఏ రంధ్రమూ లేకుండా నున్నగా ఉంటాయి, వాటి అందమంతా అదే. 1970 బ్లాకుకు ఆ వెనక గొట్టం లేదు. నూనె పోయడమూ, ఆవిరి బయటికి పోవడమూ వాల్వ్ కవర్లలోని రంధ్రాల గుండానే జరగాలి. రంధ్రం లేని కవర్ బిగిస్తే ఒత్తిడి పెరిగి సీళ్ల దగ్గర నూనె కక్కుతుంది. నూనె గొట్టం ఉన్న పాతరకం ఇన్‌టేక్ మానిఫోల్డ్ వెతికి పెట్టుకుంటే దారి దొరుకుతుంది, అదీ ఇంకో ఖర్చు. 2,400 అనుకున్నది అడాప్టర్లు, మానిఫోల్డ్, గాస్కెట్లు (అతుకుల్లో నూనె కారకుండా వేసే పొరలు) కలిసేసరికి ఎక్కడ ఆగుతుందో మీరే ఊహించండి. కొనే వస్తువు ధర కాకుండా దాన్ని బిగించి ఇంజన్ స్టార్ట్ చేసేదాకా అయ్యే ఖర్చంతా ముందే కాగితం మీద రాయమని నేను అందరికీ చెబుతాను. ఇల్లు కొన్నా ఇదే మాట, కారు కొన్నా ఇదే మాట.

మీ హెడ్లలో రోలర్ రాకర్లు (వాల్వులను నొక్కే మీటల్లో కాస్త పెద్ద రకం) వేయించారో లేదో రాయలేదు. వేయించి ఉంటే పొట్టి పాత కవర్లు లోపల తగులుతాయి. కవర్ కొనకముందే రాకర్ నట్టు ఎత్తు కొలిచి పెట్టుకోండి.

మరి ఏం చేయమంటారు అంటారా? వచ్చే పది నెలలు కారుకిచ్చే 300ను కూడా కార్డుకే మళ్లించండి. నెలకు 700 పడితే బాకీ పది నెలల్లో తీరిపోతుంది, వడ్డీ 1,080కి బదులు 590 దగ్గర ఆగుతుంది. దాదాపు 490 డాలర్లు మిగిలినట్టే. ఈ పది నెలలూ గ్యారేజీ మూసేయాలని కాదు. డబ్బు అక్కర్లేని పని చాలా ఉంటుంది, వైరింగ్ సర్దడం, పాత రంగు గీకడం లాంటివి. బాకీ తీరిన పదకొండో నెల నుంచి 700లో 400 అత్యవసర నిధికి పంపండి, అది ఆరు నెలల ఇంటి ఖర్చుకు సరిపోయేదాకా పెరగనివ్వండి. మీ 300 మీకు తిరిగి వచ్చేస్తుంది. నాలుగు నెలలు దాచినా 1,200. ఆ డబ్బుతో కొన్నదానికి ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు, ధర పెరిగిందా తగ్గిందా అన్న టెన్షనూ ఉండదు.

ఆ 1,200తో ఏం కొనాలంటే, 1960లలో వచ్చిన తిన్నటి బోల్టుల ఫిన్ కవర్లు చూడండి. 1960 నుంచి 1967 వరకు స్మాల్ బ్లాక్ కార్వెట్లకు వచ్చిన ఫిన్ కవర్లున్నాయి, క్యాల్ కస్టమ్ లాంటి కాలిఫోర్నియా స్పీడ్ షాపు (కారు వేగం పెంచే విడిభాగాల దుకాణం) సరుకూ ఉంది. మీ హెడ్‌కు నేరుగా కూర్చుంటాయి. ఇదివరకే ఎవరో బ్రీదర్ (ఆవిరిని బయటికి వదిలే మూత) కోసం చక్కగా రంధ్రం వేసిన జత దొరికితే సేకరించేవాళ్లు దాన్ని పక్కన పెట్టేస్తారు, ధర తక్కువలో వస్తుంది. వాళ్లకు లోపం అనిపించిన ఆ రంధ్రం మీ ఇంజన్‌కు కావాల్సిందే. నేనైతే మీకోసం అలాంటి జతనే వెతుకుతాను. అంత కూడా వద్దనుకుంటే ఎడెల్‌బ్రాక్, మూన్ పేర్లతో ఆ పాత తీరు కవర్లు ఇప్పటికీ కొత్తవి అమ్ముతున్నారు. వాటిని పెట్టుకున్నంత మాత్రాన ఎవరూ తక్కువగా చూడరు.

పాతదే కావాలంటే మాత్రం కంటికి పని చెప్పాలి. బోర్లించి లోపలివైపు చూడండి. ఇసుక అచ్చులో పోసిన పాత పోత గరుకుగా, ఇసుక రేణువుల ముద్రతో ఉంటుంది. నూనె మరకలు ఆ గరుకులోకి ఇంకి గోధుమ రంగుకు తిరిగి ఉంటాయి. పైన అద్దంలా పాలిష్ చేసి, లోపల కూడా కొత్త వెండిలా మెరుస్తోందంటే ఎందుకని అడగండి. అసలు కవర్‌నే నమూనాగా పెట్టి నకలు పోసినవాళ్లను పట్టుకోవడానికి ఒక ఉపాయం ఉంది. కరిగిన అల్యూమినియం గట్టిపడి చల్లారేటప్పుడు అడుగుకు సుమారు 4 మిల్లీమీటర్లు కుంచించుకుపోతుంది. అందుకే నకలు మీది అక్షరాలు, ఫిన్‌లు అసలుకంటే కొంచెం చిన్నవిగా వస్తాయి. నిజమైనదని తెలిసిన కవర్ మీద పేరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా ఎంతుందో ముందే కొలిచి రాసుకుని వెళ్లండి, స్వాప్ మీట్‌లో ఆ కొలత మీకు చాలా పని చేస్తుంది.

తర్వాత గాస్కెట్ కూర్చునే అంచు. కవర్‌ను చదునైన గాజు పలక మీద పెట్టి నాలుగు మూలలా వేలితో నొక్కితే ఎక్కడ ఊగుతుందో తెలుస్తుంది. గట్టిగా బిగించి బిగించి వంగిన అంచు ఎంత మంచి గాస్కెట్ వేసినా కారుతుంది, ఆ నూనె పడేది ఎర్రగా కాలే హెడర్ గొట్టాల (ఇంజన్ పొగ బయటికి పోయే గొట్టాల) మీద. బోల్టు చెవుల దగ్గర వెల్డింగ్ గుర్తులుంటే ధర తగ్గించమని అడగాలి, సగానికైనా.

ఆ పెద్దాయనకు మర్యాదగా చెప్పండి, ఇప్పుడు కుదరదని. అడ్వాన్సు ఇవ్వకండి. ఆయన చెప్పిందంతా మీరు నమ్మనక్కర్లేదు గానీ ఆయన ఫోన్ నంబరు మాత్రం తీసుకోండి. తిన్నటి బోల్టుల జత చేతికొస్తే చెప్పమనండి. ఇలాంటివాళ్ల షెడ్డుల్లో ఏముంటుందో వాళ్లకే తెలియదు, నమ్మకంగా మాట్లాడే కొనుగోలుదారుకు వాళ్లు మంచి సరుకు తీసి చూపిస్తారు.

మీ ఆవిడ మాటను కూడా తేలిగ్గా తీసుకోకండి. కాలిఫోర్నియా చట్టం ప్రకారం పెళ్లయ్యాక సంపాదించినది మామూలుగా ఇద్దరిదీ, చేసిన అప్పు కూడా అంతే. పై లెక్కలు ఇద్దరూ కూర్చుని చూడండి. ఆవిడకు కూడా నెలకు అడగకుండా ఖర్చు పెట్టుకునే మొత్తం ఒకటి ఉందా? లేకపోతే మీ 300తో పాటే అదీ మొదలుపెట్టండి.

చివరగా బీమా. మీ రోడ్‌స్టర్ మామూలు పాలసీ మీద ఉంటే ప్రమాదం జరిగిన రోజున కంపెనీ తరుగు తీసేసి లెక్క కడుతుంది, మీరు పెట్టిన విడిభాగాలు దాని కంటికి ఆనవు. ముందే విలువ ఒప్పుకుని రాసుకునే 'అగ్రీడ్ వాల్యూ' పాలసీకి మారండి. అందుకు ఇప్పటిదాకా కొన్న ప్రతి వస్తువు రసీదు, బిగించకముందు తీసిన ఫొటో, బిగించాక తీసిన ఫొటో ఒకచోట ఉండాలి. స్వాప్ మీట్‌లో నగదిచ్చి కొన్నవాటికి రసీదు ఉండదు, అమ్మినవాళ్ల చేత ఒక కాగితం మీద తేదీ, ధర రాయించి సంతకం పెట్టించుకోండి.