ఎముకకు పాకిన థైరాయిడ్ క్యాన్సర్

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. ఫాలిక్యులర్ థైరాయిడ్ క్యాన్సర్ వెన్నెముకకు పాకింది. గ్రంథి తీసేశారు, రేడియో అయోడిన్ ఇస్తామంటున్నారు. ఎంతకాలం బతుకుతుందండీ?
– పాఠకురాలు, కావలి

జవాబు: ఇన్నేళ్లని చెప్పలేమమ్మా. గడ్డ ఒకట్రెండు చోట్లే ఉండి, రేడియో అయోడిన్‌ను (క్యాన్సర్ కణాల్లోకి చేరి వాటిని చంపే రేడియోధార్మిక మందు) పీల్చుకుంటే ఏళ్ల తరబడి బతికేవాళ్లున్నారు. పీల్చుకోకపోతే రేడియేషన్, మాత్రలు.

డోసుకు ముందు రెండు వారాలు అయోడిన్ ఉప్పు, చేపలు, రొయ్యలు, పాలు, గుడ్డు పచ్చసొన మానాలి. నెల్లూరువాళ్లకు చేపల పులుసు మానడం కష్టమే! రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ కణాలను ప్రేరేపించే హార్మోన్) 30 దాటాలి. ఈమధ్య కాంట్రాస్ట్ సీటీ (అయోడిన్ ఉన్న మందు ఎక్కించి తీసే స్కాన్) తీసుంటే ముందే చెప్పండి. ఆ అయోడిన్ ఒంట్లో ఉన్నంతకాలం డోసు సరిగా పట్టదు, నెలో రెండు నెలలో ఆగాలి.

ఎముక గట్టిపడేందుకు ఇచ్చే జోలెడ్రోనిక్ యాసిడ్ ఎక్కించేముందు పళ్లు చూపించండి. తర్వాత పన్ను పీకితే దవడ ఎముక మానకపోవచ్చు.

కాళ్లు పట్టు తప్పినా, మూత్రం ఆగిపోయినా వెన్నుపాము నొక్కుకుపోతున్నట్టు కావచ్చు; తెల్లారేదాకా చూడొద్దు, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.